బకపురం రోడ్డు స్టేషను

అఖండ జలప్రయాణ స్టీమరు కంపెనీలో ఒక మాట నోట రాకూడదు. ఆ మాట 'ఇరుక్కుపోయింది'. బొగ్గు అయిపోయిందనవచ్చు, బాయిలరు మొరాయించిందనవచ్చు, చుక్కాని పట్టే సరంగు తాగి పడుకున్నాడని కూడా అనవచ్చు. అవన్నీ మానవమాత్రులకు వచ్చే కష్టాలు. స్టీమరు ఇసకలో ఇరుక్కుపోయిందని మాత్రం ఎవడైనా అన్నాడో, వాడి ఉద్యోగం ఆ పూటకి సరి.

అంత పట్టింపు ఎందుకయ్యా అంటే, స్టీమరు నిజంగానే ఇరుక్కుపోయేది కనక. రాజమండ్రి నుంచి పోలవరం వెళ్ళే ఆ స్టీమరు పేరు 'వాయువేగం'. ఎండలు ముదిరి గోదావరి సన్నబడేసరికి ఎక్కడ పడితే అక్కడ ఇసక మేటలు తేలేవి. వాయువేగం ఏ మేటనీ చిన్నబుచ్చకుండా ప్రతిదాని మీదా కాసేపు కూర్చుని వెళ్ళేది. ప్రయాణికులు దిగి గెడలు పట్టి నెట్టేవారు. ఇంకొక్కసారి టపా ఆలస్యమైతే ఉత్తరాలు మోసే కాంట్రాక్టు రద్దు చేస్తామని మద్రాసు నుంచి సర్కారువారు తాకీదు పంపారు. ఆనాటి నుంచి కంపెనీలో ఆ మాట నిషిద్ధం.

ఆ స్టీమరు మీద టిక్కెట్లు చూసే గుమాస్తా కామేశం. మంచివాడే గాని ఇల్లరికపుటల్లుడు. మామగారు గున్నేశ్వరంగారు పని చాలించిన తాసీల్దారు. ఆయన అల్లుణ్ణి ఏనాడూ పల్లెత్తు మాటనలేదు. రోజూ భోజనాల దగ్గర, కామేశం మజ్జిగలోకి వచ్చే వేళకి, చిరునవ్వు నవ్వి ఒక్క ముక్క అనేవారు: "పెరుగు మా ఆవుదే అల్లుడుగారూ, మొహమాటపడకండి." అంతే. ఆ మాటతో కామేశానికి ముద్ద గొంతు దిగేది కాదు. పెరుగు మానేస్తానంటే భార్య మాణిక్యాంబ ఊరుకునేది కాదు. "నాకు మాత్రం ఉక్రోషం లేదూ? ఎక్కడైనా ఓ గుడిసె చూడండి, ఈ క్షణం వచ్చేస్తా" అనేది. గుమాస్తా జీతానికి గుడిసె కూడా ఆకాశంలోనే ఉంది. కంపెనీలో క్వార్టర్సు ఇచ్చేది స్టేషను మాస్టర్లకి మాత్రమే. కామేశం కలలోకి దేవుళ్ళూ దయ్యాలూ వచ్చేవారు కాదు, స్టేషను మాస్టరు క్వార్టర్సే వచ్చేవి.

ఇలా ఉండగా వైశాఖమాసంలో మద్రాసు నుంచి టపా ఇన్‌స్పెక్టరు ముదలియారుగారు తనిఖీకి వచ్చారు. ఆయన తెలుగు పుస్తకాల్లో చదివి నేర్చుకున్నవారు. వెంట కంపెనీ జనరల్ మేనేజరు పురుషోత్తమరాయణింగారు స్వయంగా బయల్దేరారు. జరీ తలపాగా, వెండి పొన్ను కర్ర, గొంతు సవరించుకోకుండా ఒక్క వాక్యమూ మొదలుపెట్టని మనిషి. ప్రయాణం సగం సుఖంగానే సాగింది. ఇద్దరికీ పళ్ళేల్లో జీడిపప్పు ఉప్మా పెట్టారు. ముదలియారుగారు రెండో చెంచా ఎత్తేలోగా వాయువేగం ఒక్క మూలుగు మూలిగి మేట ఎక్కి కూర్చుంది. ఉప్మా ఒళ్ళో పడింది.

"ఏల ఆగినది?" అన్నారు ముదలియారుగారు.

సరంగు సత్తెయ్య నిజాయితీపరుడు. "సిత్తం, ఇరు..." అని మొదలుపెట్టాడు. మేనేజరుగారి కర్ర వాడి కాలి బొటనవేలి మీద దిగింది.

"స్టేషను వచ్చినది. అందుచేత ఆగినది" అన్నారు మేనేజరుగారు గొంతు సవరించుకుని.

ముదలియారుగారు చుట్టూ చూశారు. ఎటు చూసినా ఇసక. ఒక కొంగ ఒంటికాలి మీద నిలబడి ఉంది.

"ఏమి స్టేషను?"

మేనేజరుగారు కొంగ వంక చూశారు. "బకపురం" అన్నారు. ఊరేదని అడుగుతారేమోనని తట్టి, "బకపురం రోడ్డు. ఊరు కొంచెం లోపలికి ఉంటుంది" అని సర్దారు.

"స్టేషను మాస్టరు ఎక్కడ?"

సరిగ్గా అప్పుడే కామేశం పాపం ఎండకి తాళలేక ఇసకలోకి దిగి మొహం కడుక్కుంటున్నాడు. మేనేజరుగారి కర్ర అతని వైపు తిరిగింది. "అరుగో. స్టీమరుకి ఎదురొచ్చి నిలబడ్డారు."

కామేశానికి ఒళ్ళంతా పులకరించింది. ఇలాంటి అవకాశం మనిషికి జన్మలో ఒక్కసారే వస్తుందనీ, అది కూడా ఎవరో ఒక పెద్దమనిషి పీకలదాకా అబద్ధంలో దిగినప్పుడే వస్తుందనీ అతనికి తోచింది. చేతులు కట్టుకుని ఇన్‌స్పెక్టరుగారి ముందుకొచ్చాడు. "చిత్తం. సేవ చేసుకుంటున్నానండి. క్వార్టర్సు సంగతి ఒక్కటీ ఇంకా తేలలేదండి."

"స్టేషను మాస్టరునకు వసతి లేదా?" అని ముదలియారుగారు మేనేజరు వంక తిరిగారు.

మేనేజరుగారు కామేశాన్ని కళ్ళతోనే నమిలేశారు. పైకి మాత్రం, "ఉన్నది, ఉన్నది. గృహప్రవేశ ముహూర్తం కోసమే ఆగినాము" అన్నారు.

పెద్దలిద్దరూ చేపల పడవెక్కి వెళ్ళిపోయారు. అది పై అధికారుల ప్రత్యేక లాంచీ అని మేనేజరుగారు మనవి చేశారు. చేపల బుట్ట సంగతి ముదలియారుగారు అడగలేదు, మేనేజరుగారు చెప్పలేదు.

మర్నాడే ఆఫీసులో ఉత్తర్వు పుట్టింది. మేనేజరుగారు నిలబడి చదివి వినిపించారు. "ఇందుమూలముగా యావన్మంది సిబ్బందికి తెలియజేయడమేమనగా, కంపెనీవారి స్టీమరు స్టేషనులో తప్ప అన్యత్ర ఆగదు. కావున స్టీమరు ఆగిన ప్రతి స్థలమూ స్టేషనే. స్టేషనున్న ప్రతి చోటా స్టేషను మాస్టరుండును. స్టేషను మాస్టరున్న ప్రతి చోటా అతని క్వార్టర్సుండును. శంకలు తీసుకొనబడవు."

శంక ఎవరికుంటుంది? కామేశానికసలే లేదు. తాటాకు పాక ఒకటి మేట మీద లేచింది. ఒక గది, ఒక వసారా, వంటకి ఓ మూల. ముందు నీలం బోర్డు: బకపురం రోడ్డు. మాణిక్యాంబ ట్రంకుపెట్టె, రుబ్బురోలు, తులసి కుండీ పడవ మీద తెచ్చుకుని ఇసకలో దిగింది. పాక చుట్టూ ఒకసారి తిరిగి వచ్చింది. లోపలికెళ్ళి తలుపు వేసి, మళ్ళీ తీసి, మళ్ళీ వేసింది.

"ఏమిటే అది?" అన్నాడు కామేశం.

"మన తలుపు కదూ. చూసుకుంటున్నా" అంది. కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి.

ఆ రాత్రి భోజనంలో పెరుగు లేదు. నీళ్ళ మజ్జిగే. కామేశం అడిగి అడిగి పోయించుకున్నాడు.

స్టేషనుకి పనేముందనుకునేరు, చేతినిండా పని. టైంటేబిలులో వాయువేగం రోజూ వస్తుంది, రోజూ పోతుంది. అది అక్కడే కూర్చుని ఉన్నంత మాత్రాన టైంటేబిలు మారుతుందా? పొద్దున్న సత్తెయ్య కూత వేసేవాడు, స్టీమరు వచ్చినట్టు. సాయంత్రం కామేశం పచ్చజెండా ఊపేవాడు, స్టీమరు వెళ్ళినట్టు. కదలని స్టీమరుకి బొగ్గు దండగని మేనేజరుగారు బొగ్గు ఆపేశారు. ఆవిరి లేక కూత ఆగిపోతే దాసరి దగ్గర శంఖం కొని పంపారు. సత్తెయ్య బుగ్గలు పొంగించి శంఖం ఊదేవాడు. "ఆయ్, ఇన్నాళ్ళూ బాయిలరు ఊపిరి మీద బతికేనండి, ఇప్పుడు నా ఊపిరి మీద బాయిలరు బతుకుతాందండి" అనేవాడు.

ప్రయాణికుల్ని రాజమండ్రిలో నాటుపడవ ఎక్కించి బకపురం రోడ్డుకి తెచ్చేవారు. అక్కడ దింపి వాయువేగంలో కూర్చోబెట్టేవారు. వాళ్ళు కాసేపు ప్రయాణం చేసేవారు. తర్వాత అవతలి పక్క నుంచి దిగి ఇంకో నాటుపడవెక్కి పోలవరం పోయేవారు. స్టీమరు గోడ మీద 'స్టీమరు కదులుచుండగా దిగరాదు' అని కొత్తగా రంగుతో రాయించారు.

ఒకనాడు బొబ్బర్లమూట పక్కన పెట్టుకుని కూర్చున్న ముసలావిడ కామేశాన్ని పిలిచింది. "నాయనా, ఇది కదల్తున్నట్టు లేదేమిట్రా?"

"కుదుపు లేని ప్రయాణం మామ్మగారూ. కంపెనీవారు కొత్తగా పెట్టారు."

"అదా సంగతి! కిందటిసారి పోలవరం దాకా ఒకటే వాంతులు. ఇదే హాయిగా ఉంది" అని ఆవిడ మూటకి చేరబడి కునుకు తీసింది. ఆ సంగతి ఎలాగో ఆఫీసుకి పాకింది. 'కుదుపు ఎరుగని స్టీమరు' అని కంపెనీవారు రేవుల నిండా కాగితాలు అంటించారు. నాటుపడవలకి మేట మీద ఇరుక్కునే భయం లేదు కనక టపా కూడా వేళకి చేరింది. దేశంలో ఇంత వేళ తప్పని స్టీమరు ఇంకొకటి లేదని మద్రాసులో మెచ్చుకున్నారు.

ఇద్దరూ ఆ మేట మీద హాయిగా బతికారు. మాణిక్యాంబ పాక వెనక పుచ్చ పాదు పెట్టింది. మొదటి కాయ కోసిన రోజున సత్తెయ్యకీ కొంగకీ కూడా వాటా పెట్టింది. ఆ సాయంత్రం కామేశం గోచీ బిగించి నీళ్ళలో కూర్చుని పాట అందుకున్నాడు. అత్తవారింట్లో అతను పాడగా విన్నవాళ్ళు లేరు. పాడితే తెలిసేది ఎంత ఘోరంగా పాడతాడో. మాణిక్యాంబ నవ్వి నవ్వి పొట్ట పట్టుకుంది గాని ఆపమనలేదు.

ఆషాఢం వచ్చింది. ఒక పొద్దున్న సత్తెయ్య దోసిట్లోకి నీళ్ళు తీసుకుని చూసి, "బాబుగోరూ, ఎర్రనీరు దిగిందండి. పైన కొండల్లో వానలండి. ఈ మేట ఇంక ఎన్నాళ్ళో ఉండదండి" అన్నాడు. ఏ మనిషైనా ఆ మాటకి ప్రాణం కోసం బెంగపడతాడు. కామేశం పాక వైపు చూశాడు. మాణిక్యాంబ వసారాలో ముగ్గు వేస్తోంది.

పడవెక్కి రాజమండ్రి ఆఫీసుకి పరిగెత్తాడు. మేనేజరుగారు సావధానంగా విన్నారు.

"ఏమి మునుగుననుచున్నావు?"

"మేటండి."

"మన కంపెనీలో మేట ఎక్కడున్నది? స్టేషనున్నది. స్టేషన్లు మునగవు. ఎన్నడైనా విన్నావా, స్టేషను మునిగినదని?"

"నీళ్ళు వస్తున్నాయండి..."

"గోదావరిలో నీళ్ళు రాక మరేమి వచ్చును?" అన్నారు మేనేజరుగారు. తర్వాత గొంతు తగ్గించి మనుషుల భాషలోకి దిగారు. "ఒరే కామేశం, స్టేషను తీసేశాననుకో. ఎందుకు తీశావంటారు. అక్కడ మేట ఉండేదని చెప్పాలి. అయితే స్టీమరు అన్నాళ్ళూ మేట మీద ఏం చేస్తోందంటారు. కాంట్రాక్టు పోతుంది. నీకు భయంగా ఉంటే గుమాస్తా పనిలోకి వచ్చెయ్యి. క్వార్టర్సు తాళం ఇలా ఇచ్చెయ్యి."

తాటాకు పాకకి తాళమెక్కడిది? అయినా కామేశం చెయ్యి దానంతటదే జేబు మూసుకుంది. "ఉంటానండి" అన్నాడు.

రేవులో మామగారు ఎదురయ్యారు. గొడుగు కింద నుంచి నది వంక చూసి, అల్లుడి వంక చూసి చిరునవ్వు నవ్వారు. "మీ గది అలాగే ఉంచాను అల్లుడుగారూ. ఎలాగూ వరదలకి వస్తారని పక్క కూడా దులిపించాను. ఆవు కూడా ఈనింది."

కామేశం గబగబా పడవెక్కాడు. దారంతా పళ్ళు కొరుక్కుంటూనే ఉన్నాడు. "మునిగితే మునుగుదాం గాని ఆ పెరుగు మాత్రం తినను" అన్నాడు మాణిక్యాంబతో.

"నేను తినమన్నానా?" అంది ఆవిడ. అని ట్రంకుపెట్టె సర్దడం మొదలుపెట్టింది.

వరద చెప్పిన మాట ప్రకారమే వచ్చింది. ముందు పుచ్చ పాదు పోయింది. తర్వాత వసారా పోయింది. సత్తెయ్యా కామేశమూ కలిసి రుబ్బురోలుతో సహా సామానంతా వాయువేగం మీదికి ఎక్కించారు. నీలం బోర్డు కూడా పీకి తెచ్చుకున్నారు. కొంగ ముందురోజే చెప్పా పెట్టకుండా వెళ్ళిపోయింది. స్టీమరు అంచున నిలబడి మాణిక్యాంబ తన తలుపు నీళ్ళ మీద తేలుతూ పోవడం చూసింది. అది కనుమరుగయ్యేదాకా చూసి, కొంగు నోట్లో కుక్కుకుని భోరుమంది. కామేశానికి ఏం చెయ్యాలో తోచక భుజం మీద చెయ్యి వేశాడు.

అప్పుడు కదిలింది వాయువేగం. చాలాకాలం ఒకచోట కూర్చుని లేచిన ముసలాయనలా కీళ్ళు విరుచుకుని, పక్కకి ఒరిగి, తేలింది.

"బాబుగోరూ, పచ్చజెండా!" అని అరిచాడు సత్తెయ్య. జెండా లేకుండా స్టీమరు కదలకూడదని వాడి పట్టుదల. కామేశం ఊపాడు. బొగ్గు లేదు, ఆవిరి లేదు, చుక్కాని సత్తెయ్య మాట వినడం మానేసింది. గోదావరి ఎటు తీసుకెళ్తే అటు. వాయువేగం వెళ్ళవలసిన పోలవరం వదిలేసి, వెనక్కి తిరిగి, పేరుకి తగ్గట్టుగా మొట్టమొదటిసారి పరిగెత్తింది. సత్తెయ్య శంఖం ఊదుతూనే ఉన్నాడు. తెల్లవారేసరికి రాజమండ్రి రేవులు కనబడ్డాయి. గట్టు మీద జనం కేకలు పెట్టారు. ఎవరిదో గొడుగు గాలికి ఎగిరింది. అది మామగారి గొడుగని కామేశం ఇప్పటికీ ఒట్టేసి చెబుతాడు.

ఊరి చివర గట్టుకి గండి పడి నీళ్ళు తోటల్లోకి మళ్ళాయి. వాయువేగం ఆ నీటి వెంట గట్టు దాటింది, రెండు మామిడిచెట్ల మధ్య నుంచి దూరింది, క్రోటను మొక్కల మీదుగా వెళ్ళింది, ఒక తెల్లటి మేడ వరండాకి ముక్కు ఆనించి, ఒక్క మూలుగు మూలిగి, కూర్చుంది.

మేడ మీద వరండాలో ఇద్దరు పెద్దమనుషులు కాఫీ తాగుతున్నారు. ఒకరు ఇంటివారైన జనరల్ మేనేజరు పురుషోత్తమరాయణింగారు. రెండోవారు ముదలియారుగారు. వేళ తప్పని స్టీమరుకి సర్కారువారి మెచ్చుకోలు పతకం స్వయంగా అందించడానికి వచ్చి, వరదకి అక్కడే చిక్కుబడ్డారు. ఈసారి కాఫీ ఒళ్ళో పడింది.

ముదలియారుగారు లేచి కిందికి చూశారు. స్టీమరు. దాని మీద స్టేషను మాస్టరు. పక్కన ఒక ఇల్లాలు, రుబ్బురోలు.

"ఏల ఆగినది?" అన్నారు.

మేనేజరుగారి మొహంలో రంగులు మారాయి. "ఇ... ఇరు..." అన్నారు. తోటమాలీ, వంటవాడూ, సత్తెయ్యా ఒకేసారి ఆయన నోటి వంక చూశారు. ఆ మాట అన్నవాడి ఉద్యోగం ఆ పూటకి సరి. అందరికన్నా ముందు ఆ సంగతి తెలిసినవాడు ఆయనే. గొంతు సవరించుకున్నారు. మరోసారి సవరించుకున్నారు.

"స్టేషను వచ్చినది" అన్నారు నీరసంగా.

"భేష్! వరదలోనూ వేళ తప్పలేదే!" అని ముదలియారుగారు పతకం తియ్యడానికి జేబులో చెయ్యి పెట్టారు.

కామేశం నీలం బోర్డు భుజాన వేసుకుని మోకాళ్ళ లోతు నీళ్ళలో దిగి వరండా మెట్లెక్కాడు. బోర్డు గుమ్మానికి ఆనించి, చేతులు కట్టుకుని, మేడ మీదికి చూశాడు. "చిత్తం. క్వార్టర్సు సంగతి ఒక్కటీ ఇంకా తేలలేదండి."

ముదలియారుగారు మేనేజరు వంక తిరిగారు. దూరంగా ఎక్కడో ఆవు అరిచింది.

"ఉన్నది" అన్నారు మేనేజరుగారు. "ఇదే."

నీళ్ళు తీశాయి. స్టీమరు తియ్యలేదు, తీస్తే అది ఇరుక్కుపోయినట్టవుతుంది. క్రోటన్ల మధ్య పొద్దున్న శంఖం, సాయంత్రం పచ్చజెండా యథావిధిగా నడుస్తున్నాయి. ప్రయాణికులు బండి మీద వచ్చి తోటలో కాసేపు ప్రయాణం చేసి రేవుకి వెళ్ళి పడవెక్కుతున్నారు. మేడంతా స్టేషను మాస్టరు క్వార్టర్సు. మాణిక్యాంబకి ఎన్ని తలుపులొచ్చాయో లెక్కలేదు. అన్నీ ఒకసారి వేసి తీసి చూసుకుంది. మేనేజరుగారిది బ్రహ్మచారి బతుకు, ఎక్కడికి పోతారు? పెరటివైపు గది ఒకటి ఖాళీ చేసి, పక్క దులిపించి ఇచ్చింది.

భోజనాల వేళ అయింది. స్టేషను మాస్టరు పక్కన మేనేజరుగారికీ ఆకు వేశారు. తలపాగా తీసేస్తే ఆయన ఇంత చిన్న మనిషా అనిపించింది కామేశానికి. మజ్జిగలోకి వచ్చేసరికి మాణిక్యాంబ గట్టి పెరుగు తెచ్చింది. బంగళాతో పాటు వచ్చిన ఆవు పూటకి ఇన్ని పాలిస్తోంది. మేనేజరుగారు తల వంచుకుని ఆకు మీద చెయ్యి అడ్డం పెట్టారు.

కామేశం చిరునవ్వు నవ్వాడు.

"పెరుగు మా ఆవుదే మేనేజరుగారూ, మొహమాటపడకండి."

ఆయన ముద్ద గొంతు దగ్గరే ఆగిపోయింది. మాణిక్యాంబ మొగుడి వంక కొరకొరా చూసి, ఆయన చెయ్యి మెల్లిగా పక్కకి తీసి, ఆకులో మీగడతో సహా వడ్డించింది.

"మీరు తినండి బాబుగారూ, ఆయన మాటలు పట్టించుకోకండి" అంది. తర్వాత కామేశం వైపు తిరిగి గొంతు తగ్గించింది. "ఊరుకోండి పాపం. ఇల్లరికం అంటే ఎలా ఉంటుందో మనకి తెలీదూ?"